సంఘము ఎత్తబడుట: దుఃఖపడువారికి వ్రాయబడిన మాట

బైబిలు తరగతి పాఠము
చదువవలసిన భాగములు: 1 థెస్సలొనీకయులకు 4:13–5:11, 1 కొరింథీయులకు 15:50–58, యోహాను 14:1–3



ప్రభువు మధ్యాకాశమునకు వచ్చును, సంఘము ఎత్తబడును అను మాట మన మందిరములలో విననివారుండరు. ఉజ్జీవ కూటములలోను, ఉపవాస ప్రార్థనలలోను, సమాధి కార్యక్రమములలోను ఇది తరచుగా వినబడుచుండును. అయితే ఈ మాట అందరిలో ఒకే విధముగా పనిచేయుట లేదు. కొందరికి ఇది సంతోషము. కొందరికి భయము. బడినుండి వచ్చి ఇంట తల్లి కనబడకపోతే, అమ్మ ఎత్తబడినది, నేను విడువబడితిని అని బెదిరి ఏడ్చిన పిల్లలు క్రైస్తవ కుటుంబములలో కొత్త కాదు. మరికొందరికి ఇది కేవలము వాదన. శ్రమలకు ముందా, తరువాతా అని తర్కించుకొని, ఒకే ప్రభువు బల్లలో పాలుపొందినవారు ఒకరితోనొకరు మాట మానుకొనుటయు జరుగుచుండును.

కాబట్టి ఈ పాఠములో మనము ఒక్క ప్రశ్నను పట్టుకొని నడుచుదము. పౌలు ఈ సంగతి ఎవరికి వ్రాసెను? ఎందుకు వ్రాసెను? బైబిలు దగ్గర ఉంచుకొని, చూపిన వచనములను తెరచి చదువుకొనుచు రండి.

1. ఎవరికి వ్రాయబడినది?

థెస్సలొనీక మాసిదోనియకు ముఖ్యపట్టణము, గొప్ప ఓడరేవు. గ్రీసు దేశములో ఆ పట్టణము నేటికిని ఉన్నది. పౌలు, సీలలు అక్కడ సువార్త చెప్పిన కాలము బహు కొద్ది. మూడు విశ్రాంతిదినములు సమాజమందిరములో లేఖనములు విప్పిచెప్పిన తరువాత ఊరిలో అల్లరి లేచెను. యాసోను ఇంటిమీద జనులు పడిరి. సహోదరులు రాత్రివేళ పౌలును సీలను బెరయకు పంపివేసిరి (అపొ. కార్యములు 17:1–10). అట్లు పసితనమందే కాపరి లేక మిగిలిన సంఘము అది. పౌలు ఊరుకొనలేక ఏథెన్సునుండి తిమోతిని వారియొద్దకు పంపెను. తిమోతి తిరిగివచ్చి వారి క్షేమము తెలిపెను (1 థెస్స. 3:1–6). అప్పుడు, సుమారు క్రీ.శ. 50–51లో, పౌలు కొరింథులో ఉండి ఈ మొదటి పత్రిక వ్రాసెను.

ఆ సంఘములో ఒక దుఃఖము ఉండెను. విశ్వాసులలో కొందరు చనిపోయిరి. ప్రభువు వచ్చునని ప్రతిదినము ఎదురుచూచుచున్న వారికి ఇది తలంపని దెబ్బ. ప్రభువు వచ్చునప్పటికి మనము బ్రతికియుందుము సరే, మట్టిలో పెట్టిన మన తల్లి సంగతి ఏమి? మన తమ్ముని సంగతి ఏమి? ఆ మహిమదినమును వారు పోగొట్టుకొనిరా? ఇదే వారి సందేహమని పౌలు ఇచ్చిన జవాబునుబట్టి తెలియుచున్నది.

ఆ జవాబు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసెనో గమనించండి. 13వ వచనములో దుఃఖము ఉన్నది. 18వ వచనములో ఆదరణ ఉన్నది. ఎత్తబడుట ఈ రెంటి నడుమ ఉన్నది. పౌలు ఏడ్వవద్దని చెప్పలేదు. నిరీక్షణలేనివారు ఏడ్చినట్లు ఏడ్వవద్దనెను. చివరకు ఈ మాటలను ఏమి చేయవలెనో కూడ తానే చెప్పెను: వీటితో ఒకరినొకరు ఓదార్చుకొనుడనెను. ఒకరినొకరు బెదిరించుకొనుడనలేదు, వాదించుకొనుడనలేదు.

2. వాక్యము స్పష్టముగా చెప్పు సంగతులు

ఈ ఆరు వచనములలో అందరము ఒప్పుకొనవలసిన సంగతులు ఐదు కలవు.

మొదటిది, ఈ నిరీక్షణకు పునాది యేసు మరణ పునరుత్థానములు (14). ఆయన సమాధి ఖాళీ అయినది గనుక మనవారి సమాధులును ఖాళీ అగును. కలలు, దర్శనములు, లోకవార్తలు దీనికి పునాది కావు.

రెండవది, ప్రభువు తానే దిగివచ్చును (16). దూతను పంపి ఊరుకొనడు. ఆజ్ఞాధ్వని, ప్రధానదూత స్వరము, దేవుని బూర ఆయనతో కలిసి వినబడును.

మూడవది, క్రీస్తునందు మృతులైనవారు మొదట లేతురు (16). వెనుకబడిరని ఎవరిని గూర్చి ఏడ్చుచున్నామో వారే ముందుందురు. థెస్సలొనీకవారికి కావలసిన జవాబు ఇదే.

నాలుగవది, అప్పటికి బ్రతికియున్న విశ్వాసులు వారితో కలిసి మేఘములలో కొనిపోబడుదురు (17). వారు వేరు, మనము వేరు అన్నట్లు కాక, అందరము కూడి వెళ్లుదుము.

ఐదవది, అటుపిమ్మట ప్రభువుతో ఎడబాటు ఉండదు (17). పౌలు ఇక్కడ పరలోకపు వీధులను వర్ణింపలేదు. ప్రభువుతో ఉండుటయే చాలుననెను.

దీనికి 1 కొరింథీయులకు 15:51–53ను చేర్చి చదువుకొనవలెను. అందరము మరణింపము గాని అందరము మార్పుపొందుదుమని, అది కనురెప్ప వేసినంతలో, కడబూర మ్రోగినప్పుడు జరుగునని అక్కడ చూచుచున్నాము. క్షయమైన ఈ శరీరము అక్షయతను ధరించును. ఫిలిప్పీయులకు 3:20–21 కూడ ఇదే మార్పును గూర్చి చెప్పుచున్నది. తన్ను విడిచి దిగులుపడుచున్న శిష్యులకు, స్థలము సిద్ధపరచి మరల వచ్చి మిమ్మును నాయొద్దకు చేర్చుకొందునని ప్రభువు ఇచ్చిన వాగ్దానము యోహాను 14:1–3లో కలదు.

3. రెండు మాటల అర్థము

మన తెలుగు బైబిలులో కొనిపోబడుట అని ఉన్నచోట గ్రీకులో ఉన్న క్రియ హర్పజో. బలముగా, తటాలున లాగుకొనిపోవుట అని దాని అర్థము. లాటిను బైబిలులో ఈ చోట వాడిన మాటనుండియే ఇంగ్లీషువారి రాప్చర్ అను మాట వచ్చినది. గనుక ఆ మాట బైబిలులో లేదని చెప్పుట సగము నిజమే. పేరు లాటినునుండి వచ్చినను సంగతి బైబిలులో ఉన్నది. ప్రభువు ఆత్మ ఫిలిప్పును కొనిపోయినప్పుడును (అపొ. కార్య. 8:39), పౌలు మూడవ ఆకాశమునకు కొనిపోబడినప్పుడును (2 కొరింథీ. 12:2–4) ఇదే క్రియ వాడబడినది.

ఈ క్రియ ఇంకొక చోటను ఉన్నది. తన గొఱ్ఱెలను తన చేతిలోనుండి ఎవడును లాగుకొనలేడని ప్రభువు చెప్పిన చోట (యోహాను 10:28) ఇదే మాట. ఆ దినమున మనలను తనయొద్దకు లాగుకొను చెయ్యి, ఈ దినమున మనలను ఎవనికిని విడువని చెయ్యి. విడువబడుదునేమో అని బెదరు పిల్లలకు, పెద్దలకు ఈ రెండు వచనములను కలిపి నేర్పవలెను.

రెండవ మాట ఎదుర్కొనుట. గ్రీకులో అపాంతేసిస్. ఇది మత్తయి 25:6లో పెండ్లికుమారుని ఎదుర్కొనుటకు కన్యకలను పిలిచిన చోటను, అపొస్తలుల కార్యములు 28:15లో రోమా సహోదరులు పౌలును ఎదుర్కొనుటకు అప్పీయా సంతపేటవరకు, త్రిసత్రములవరకు వచ్చిన చోటను ఉన్నది. తెలుగువారమైన మనకు దీనికి వ్యాఖ్యానము అక్కరలేదు. మన పెండ్లిండ్లలో ఎదురుకోలు ఉన్నది గదా! మగపెండ్లివారు వచ్చిరని తెలియగానే ఆడపెండ్లివారు లోపల కూర్చుండరు. ముందుకు వెళ్లి, సంతోషముతో ఎదురుపడి, మర్యాదచేసి తోడ్కొనివత్తురు. మేఘములలో జరుగునది సంఘము తన ప్రభువునకు చేయు ఎదురుకోలు.

4. భేదము ఎక్కడ వచ్చుచున్నది?

ఎత్తబడుట ఉన్నదా అన్నచోట గాక, అది మహాశ్రమల కాలమునకు ముందా తరువాతా అన్నచోట బైబిలును నమ్ము భక్తులలో భేదము కలదు. ఒక్కొక్కరి ఆధారమును న్యాయముగా విందము.

శ్రమలకు ముందే అనువారు 1 థెస్స. 1:10ను, 5:9ను చూపుదురు. దేవుడు మనలను ఉగ్రతపాలగుటకు నియమింపలేదు గనుక ఉగ్రత కుమ్మరింపబడకమునుపే సంఘము తీసికొనబడునందురు. ఫిలదెల్ఫియ సంఘమునకు ఇయ్యబడిన వాగ్దానమును (ప్రకటన 3:10) చూపుదురు. ప్రకటన 4వ అధ్యాయమునుండి 18వ అధ్యాయమువరకు భూమిమీది శ్రమల వర్ణనలో సంఘము అను మాట రాలేదని చెప్పుదురు. వీరి ప్రకారము రాకడకు రెండు భాగములు: మొదట తనవారికొరకు మధ్యాకాశమునకు వచ్చుట, పిమ్మట తనవారితో భూమికి వచ్చుట.

శ్రమల మధ్య అనువారు 1 కొరింథీ. 15:52లోని కడబూరను ప్రకటన 11:15లోని ఏడవ బూరతో కలిపి చదువుదురు.

శ్రమల తరువాత అనువారు మత్తయి 24:29–31ను చూపుదురు. అక్కడ శ్రమ ముగిసిన పిమ్మట బూర మ్రోగును, ఏర్పరచబడినవారు పోగుచేయబడుదురు. 2 థెస్స. 2:1–3లో, మనము ఆయనయొద్ద కూడుకొనుటను గూర్చి చెప్పుచు, మొదట పాపపురుషుడు బయలుపడవలెనని పౌలు వ్రాసెనందురు. ప్రకటన 3:10లోని కాపాడుదును అను మాటయే యోహాను 17:15లోను ఉన్నదని, అక్కడ ప్రభువు తనవారిని లోకములోనుండి తీసికొనిపొమ్మని అడుగలేదని చెప్పుదురు. ఎదురుకోలుకు వెళ్లినవారు వచ్చినవారితో కలిసి తిరిగివత్తురు గదా అనియు అందురు. దీనికి మొదటివారి జవాబు: యోహాను 14:3లో తండ్రి ఇంటికి చేర్చుకొనుట ఉన్నది గదా! ఎదుర్కొనుట అను ఒక్క మాటనుబట్టి అటుపిమ్మట ఎటు వెళ్లుదుమో తేల్చలేము.

ఈ లెక్కలేమియు లేక, ఒక్క రాకడ, ఒక్క పునరుత్థానము, ఒక్క తీర్పు అని యోహాను 5:28–29నుబట్టి నమ్మువారును కలరు.

పొలములో ఇద్దరుందురు, ఒకడు తీసికొనబడును అను మత్తయి 24:40ను మనము వెంటనే ఎత్తబడుటకు వర్తింపజేయుదుము. అయితే దానిపై వచనములో జలప్రళయము కొట్టుకొనిపోయినది నోవహును కాదు, అవిశ్వాసులను. అందుచేత తీసికొనబడుట తీర్పునకే అని కొందరందురు. కాదు, 40వ వచనములోని గ్రీకు మాట వేరు, యోహాను 14:3లో చేర్చుకొనుటకు వాడినది ఆ మాటయే అని మరికొందరందురు. ఒక వచనముతో తొందరపడి సిద్ధాంతము కట్టరాదనుటకు ఇది మంచి ఉదాహరణ.

5. ఈ బోధ చరిత్ర

ప్రభువు రాకడను సంఘము మొదటినుండియు నమ్మినది. శ్రమలకు ముందు ఎత్తబడుట అను బోధకు క్రమమైన రూపమిచ్చి వ్యాపింపజేసినవారిలో ముఖ్యుడు బ్రదరన్ సహవాసపు నాయకుడు జాన్ నెల్సన్ డార్బీ (1800–1882). 1830ల ఆరంభమున ఐర్లండులోని పవర్స్‌కోర్టులో జరిగిన ప్రవచన సభలలో ఈ సంగతులు విస్తారముగా చర్చింపబడెను. అదే సహవాసములో ఉన్న బెంజమిన్ విల్స్ న్యూటన్, గ్రీకు పండితుడు శామ్యూల్ ట్రెగెల్స్ దీనిని అంగీకరింపలేదు. 1840లలో ప్లిమత్ పట్టణమున ఆ సహవాసము చీలిపోవుటకు గల కారణములలో ఈ భేదము ఒకటి. పిమ్మట 1909లో వెలువడి, 1917లో సవరింపబడిన స్కోఫీల్డు రెఫరెన్సు బైబిలు ద్వారా ఈ బోధ బాప్టిస్టుల మధ్యను బహుగా వ్యాపించెను.

బ్రదరన్ సహవాసముతో తెలుగుదేశమునకు పాత సంబంధమున్నది. 1836లో ఇండియాకు వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అను మిషనరీలు ఆ సహవాసమువారే. యానాము ఉన్న ఆ గోదావరి ముఖద్వారపు సీమలోనే వారు పనిచేసిరి. అదే 1836లో శామ్యూల్ డే ద్వారా మన అమెరికను బాప్టిస్టు తెలుగు మిషను ఆరంభమాయెను.

ఒక బోధ క్రొత్తగా రూపొందినది గనుక తప్పని చెప్పరాదు. అందరు నమ్ముచున్నారు గనుక నిజమనియు చెప్పరాదు. వాక్యమే కొలత. బాప్టిస్టుల 1689 లండను ఒప్పుకోలును, 1833 న్యూ హాంప్‌షైరు ఒప్పుకోలును చూచినయెడల, క్రీస్తు రాకడ, మృతుల పునరుత్థానము, చివరి తీర్పు గట్టిగా ఒప్పుకొనబడినవి. ఎత్తబడుట శ్రమలకు ముందో వెనుకో మాత్రము అక్కడ నిర్ణయింపబడలేదు. మన పెద్దలు తెరచియుంచిన తలుపును మనము మూయనక్కరలేదు. ఒక సహోదరుడు ఈ క్రమములో మనతో ఏకీభవింపనంత మాత్రాన అతడు బల్లకు దూరము కాడు.

6. తేదీలు చెప్పువారిని గూర్చి

ఆ దినమును గడియను తండ్రి తప్ప ఎవరును ఎరుగరని ప్రభువే చెప్పెను (మత్తయి 24:36). అయినను లెక్కలు ఆగలేదు. అమెరికాలో బాప్టిస్టు బోధకుడైన విలియం మిల్లరు దానియేలు గ్రంథమునుబట్టి 1843–44 మధ్య ప్రభువు వచ్చుననెను. తరువాత ఆయన అనుచరులు 1844 అక్టోబరు 22ను నిర్ణయించిరి. కొందరు పొలములో పంటను కోయక విడిచిరి. ఆ దినము గడచిపోయెను. కొరియాలో ఒక సంఘమువారు 1992 అక్టోబరు 28న ఎత్తబడుదుమని నమ్మి, అనేకులు ఉద్యోగములు మానిరి, ఆస్తులు అమ్మిరి. ఆ రాత్రియు గడచెను. హెరాల్డ్ క్యాంపింగ్ అను రేడియో బోధకుడు 2011 మే 21 అని చెప్పెను. అదియు గడచెను.

ఇట్లు జరిగినప్పుడెల్ల నష్టపోవునది ఎవరు? లెక్క చెప్పినవాడు మరియొక లెక్క చెప్పును. అతనిని నమ్మి ఇల్లు అమ్ముకొన్న కుటుంబము వీధిలో నిలుచును. వారి పిల్లలు బైబిలునే నమ్మక తొలగిపోవుదురు. నేడు చేతిలోని ఫోనుకే ఇట్టి వర్తమానములు వచ్చుచున్నవి. యుద్ధవార్త విన్నప్పుడు, భూకంపము వచ్చినప్పుడు, ఫలాని దినమే అని ఎవరైన పంపినయెడల, దానిని మరియొకరికి పంపకమునుపు 2 థెస్స. 2:2ను చదువుడి. ప్రభువు దినము వచ్చియున్నదని ఎవరైన చెప్పినను, తన పేరుతో పత్రిక వచ్చినను కలవరపడవద్దని పౌలు ఆనాడే హెచ్చరించెను.

7. మనము ఎట్లు బ్రదుకవలెను?

మొదటిది, పని మానరాదు. ఎత్తబడుటను గూర్చి వ్రాయుటకు రెండు వచనముల ముందే పౌలు ఏమి వ్రాసెనో చూడండి: నెమ్మదిగా ఉండుడి, మీ చేతులతో పనిచేసికొనుడి (4:11–12). పొట్టచేతపట్టుకొని వచ్చి, గనులలో, మిల్లులలో, రైల్వేలో, కట్టడపు పనులలో చెమటోడ్చి నిలదొక్కుకొన్న కుటుంబములు మనవి. ప్రభువు త్వరగా వచ్చును గనుక పిల్లలకు చదువెందుకు అనుట భక్తి కాదు. ఆయన వచ్చునప్పుడు పనిలో కనబడు దాసుడే ధన్యుడు (మత్తయి 24:46).

రెండవది, మెలకువగా ఉండవలెను (5:6). మెలకువ అనగా భయముతో నిద్రపట్టకపోవుట కాదు. అప్పు తీర్చుట, తగవు తెంచుకొనుట, అన్నదమ్ములతో సమాధానపడుట, రక్షణలేని పొరుగువానికి సువార్త చెప్పుట, ఇవి మెలకువగలవాని పనులు.

మూడవది, దుఃఖపడువారిని ఓదార్చవలెను. ఈ వాక్యము మనవంటి వారికి మరి దగ్గరగా ఉన్నది. మన తాతముత్తాతల సమాధులు ఒంగోలు, నెల్లూరు, కాకినాడ, పాలమూరు సీమలలో ఎక్కడనో ఉన్నవి. మన తల్లిదండ్రుల సమాధులు చెన్నైలోనో, బరంపురములోనో, షోలాపురములోనో, కోలారు బంగారు గనులయొద్దనో ఉన్నవి. 2001లో ఆ గనులు మూతబడిన పిమ్మట పని వెదకుకొనుచు తరలిపోయినవారు సమాధులను వెంట తీసికొనిపోలేరు గదా! నగరములలో స్థలము చాలక పాత గుంటలోనే మరియొకరిని పెట్టుచున్నారు. పేరు చెక్కిన రాయియు మిగులదు. అమ్మ సమాధి ఎక్కడనో కూడ చూపలేమని కుమిలిపోవు కుమార్తెకు మనము ఏమి చెప్పగలము?

పౌలు చెప్పినదే చెప్పగలము. ఆ బూర ఏ రాష్ట్రపు మట్టిలో ఉన్నవారికైనను వినబడును. రాయి లేకపోయినను ప్రభువునకు గురుతు తెలియును. వారు మొదట లేతురు, పిమ్మట మనము. చెదరిన కుటుంబము ఒక్కచోట కూడును. ఆయన మనకొరకు మృతిపొందెను గనుక మనము మేల్కొని ఉన్నను నిద్రించుచున్నను ఆయనతోకూడ బ్రదుకుదుము (5:10).

ప్రియులారా, రాబోవు సమాధి కార్యక్రమములో ఈ భాగము చదువబడునప్పుడు, ఇది మొట్టమొదట ఎవరికి వ్రాయబడినదో జ్ఞాపకము చేసికొందము. ముందు వరుసలో కూర్చుండి ఏడ్చుచున్న వారికే అది వ్రాయబడినది. వారి ప్రక్కన కూర్చుండి చదువుదము.

తరగతిలో చర్చకు ప్రశ్నలు

1. 1 థెస్స. 4:13, 18 వచనములను కలిపి చదువుడి. ఎత్తబడుటను గూర్చిన ప్రసంగము విన్నవారిలో ఏమి కలుగవలెను?
2. హర్పజో అను మాట యోహాను 10:28లో ఉండుట మన రక్షణ నిశ్చయతకు ఎట్లు సహాయపడును?
3. శ్రమలకు ముందు, శ్రమల తరువాత అను రెండు అభిప్రాయములకు ఆధారములను, మీరు ఒప్పుకొనని దానినే మొదట, న్యాయముగా చెప్పుడి.
4. రాకడ తేదీ చెప్పు వర్తమానము సంఘములో వ్యాపించినయెడల పెద్దలు ఏమి చేయవలెను?
5. ఈ సంవత్సరము మీ సంఘములో ప్రియులను పోగొట్టుకొన్నవారు ఎవరు? ఈ వారము వారి ఇంటికి ఎవరు వెళ్లుదురు?

ప్రభువు దిగివచ్చు దినమున మనలను, మనకంటె ముందు నిద్రించిన మనవారిని ఏకముగా ఆయన సముఖమున నిలుపును గాక. ఆమేన్.